రెండోవాడి గొంతు

జనగామలో మా కిరాణా దుకాణానికి వచ్చేవాళ్లలో కొంచెం వయసు మళ్లినవాళ్లు ఎవరైనా సరే, నా గొంతు వినగానే తలెత్తి చూస్తారు. పప్పు తూకం మీద ఉన్న కళ్లు నా మొహం మీదికి వస్తాయి. ముసిముసిగా నవ్వి, "సేటూ, నువ్వేనా ఆ రేడియోల సారువు? ఒక్కసారి అనవయ్యా, ‘ఊఁ, తర్వాత?’ అని" అంటారు. నేను అనను. బతిమాలితే కసురుకుంటాను. కసురుకుంటే ఇంకా నవ్వుతారు, ఎందుకంటే రేడియోలో నా పనే కసురుకోవడం. మా ఆవిడ లోపలినుంచి, "గిరాకి మీద గట్ల మీదవడితె ఎవలొస్తరు దుకాన్లకు?" అని నన్ను కసురుతుంది. వస్తే రానీ, పోతే పోనీ. ఆ మాట మాత్రం ఇక నా నోట రాదు. ఎందుకు రాదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. చెప్పినందువల్ల ఒరిగేదేమీ లేదని కూడా నాకు తెలుసు.

మేం ఇద్దరం. కాగితం మీద రాసిచ్చే మాటల్లో నన్ను ‘ఒకటి’ అని, అతణ్ణి ‘రెండు’ అని గుర్తు పెట్టేవాళ్లు. రేడియో వాళ్లకు పేర్లతో పనిలేదు, గొంతులతోనే పని. అందుకని నేను కూడా ఇక్కడ ఎవరి పేరూ రాయను. అతను నెల్లికుదురు పక్కన ఒక లంబాడా తండా మనిషి. తెలంగాణ వచ్చిన తరవాత మొదటి ఎండాకాలంలో పోయాడు. పేపర్లో నాలుగు ముక్కలు వేశారు, ‘శ్రోతలను నవ్వులలో ముంచెత్తిన కళాకారుడు’ అని. ఆ పేపరును నేను అప్పుడే బెల్లం పొట్లాలకు వాడేశాను.

జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లాలో ఉన్న రోజులవి. మానుకోట అంటే మహబూబాబాదే. ఇక్కడ మేమెవరం ఆ పెద్ద పేరు పలకం. వరంగల్ రేడియోలో సాయంత్రం పూట రైతుల కార్యక్రమం వచ్చేది. ఎరువులు, పురుగుల మందులు, పశువుల టీకాలు, ఇవన్నీ ఊరికే చెబితే ఎవరు వింటారు? అందుకని మధ్యలో హాస్యం పెట్టాలనుకున్నారు. నేను అప్పటికి జనగామ కుర్రాళ్ల నాటకాల్లో తహసీల్దారు వేషాలు కట్టేవాణ్ణి. గొంతు పరీక్షకు వెళితే తీసుకున్నారు. అతణ్ణి మాత్రం వాళ్లే వెతుక్కుంటూ పోయి పట్టుకున్నారు. మిరపతోటల మీద రైతుల మాటలు రికార్డు చేయడానికి నెల్లికుదురు పోయినప్పుడు, మైకు ముందు నిలబడి తన చేనుకు పట్టిన పురుగును తానే తిట్టుకుంటూ ఏదో మాట్లాడాడట. చెవులకు యంత్రం పెట్టుకున్న ఇంజనీరు నవ్వలేక కూలబడ్డాడట. మరుసటి వారమే కబురు వెళ్లింది.

మా ఆఫీసరు కోస్తావైపు మనిషి. చెడ్డవాడని చెప్పను, టీ తాగమని బలవంతపెట్టేవాడు, ఎండలో వస్తే చల్లటి నీళ్లు తెప్పించేవాడు. కానీ మొదటిరోజే పాత్రలు పంచిపెట్టేశాడు. "మీరు సారు. పుస్తకాల తెలుగు మాట్లాడండి. నువ్వు మాత్రం మీ భాషలోనే కానివ్వవయ్యా, అది వింటేనే నవ్వొస్తుంది" అన్నాడు. అతను నీళ్లు నమిలి, "సారూ, గిది మా బాస గాదు. ఇంట్ల మేం వేరె మాట్లాడుతం. గీ తెలుగు నేను నెల్లికుదురు అంగట్ల నేర్సుకున్న" అన్నాడు. "ఎక్కడ నేర్చుకుంటే ఏమయ్యా, నవ్వొస్తుంది కదా!" అన్నాడు ఆఫీసరు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? పొద్దంతా దుకాణంలో ‘ఏంది, ఎట్ల, గిట్ల’ అని మాట్లాడి, సాయంత్రం రైలు దిగి ఆ గదిలోకి పోగానే ‘ఏమిటి, ఎలా, ఇలా’ అని మొదలుపెట్టేవాణ్ణి. మొదటిసారి రేడియోలో నా గొంతు విని మా ఆవిడ, "ఎవలో పెద్దమనిషి మాట్లాడుతుండు, గాయన ఎవలో ఎరుకేనా నీకు?" అని అడిగింది. ఆ ఎగతాళి ఇప్పటికీ మానలేదు. మొత్తానికి ఇద్దరం మావి కాని మాటలు మాట్లాడి జిల్లా మొత్తాన్ని నవ్వించాం.

మా ఆట ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. అతను ఏడుస్తూ వచ్చేవాడు. "సారూ, కొంప మునిగింది సారూ! నా బర్రె సచ్చిపోయింది!" అని లబోదిబోమనేవాడు. అక్కడ ఆగేవాడు. నేను గొంతు బిగించి, "ఊఁ, తర్వాత?" అనేవాణ్ణి. "తర్వాతేంది సారూ, లేసి గడ్డి తిన్నది" అనేవాడు. మళ్లీ ఆగేవాడు. నేను మొహం వాచేలా చివాట్లు పెట్టి, నోర్మూసుకోమని చెప్పి, పశువులకు టీకా ఎందుకు వేయించాలో చెప్పేవాణ్ణి. ఒక వారం బర్రె, ఒక వారం కోడి, ఒక వారం మేనమామ. ఎవరు చచ్చినా మూడో మాటకల్లా లేచి కూర్చునేవాళ్లు. జనానికి ముందే తెలుసు, అయినా నవ్వేవాళ్లు. తెలుసు కాబట్టే నవ్వేవాళ్లు.

రేడియోలో నవ్వు మనకు వినపడదు. అదే పెద్ద చిక్కు. రికార్డింగు గదిలో ఫ్యాను కూడా ఆపేసేవాళ్లు, చప్పుడు వస్తుందని. చెమటలు కారుతుండగా ఒకే మైకుకు అటూ ఇటూ నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ మాట్లాడాలి. జనం ఎక్కడ నవ్వుతారో మేమే అనుకుని అక్కడ ఖాళీ వదలాలి. మొదట్లో అతను తొందరపడేవాడు. మాట మీద మాట వేసేవాడు. నేనే నేర్పాను, ఒక్క మాట చెప్పి ఆగు, నేను ఊఁ కొట్టిన తరవాతే రెండోది అని. కొన్నాళ్లు నా మోచెయ్యి నొక్కి సైగ చేసేవాడు. తరవాత అదీ అక్కరలేకపోయింది. అతను ఊపిరి పీలిస్తే నాకు తెలిసేది. మొగుడూ పెళ్లాలకు కూడా అంత ఒద్దిక ఉండదు, నా సంసారం సాక్షిగా చెబుతున్నాను.

ఆ అలవాటు అతనికి ఎంత ముదిరిందంటే, మామూలు మాటల్లో కూడా ఒక ముక్క చెప్పి ఆగేవాడు. ఎదుటివాడు ఊఁ అనకపోతే ముందుకు కదలడు. ఒకసారి తండాకు పోతే వాళ్ల ఆవిడ నాతో మొరపెట్టుకుంది. "అన్నా, గీయనకు ఏం జేసినవు? ఆకలైతాంది అంటడు, ఆగుతడు. నేను ఊఁ అనాలె. అప్పుడు బువ్వ పెట్టు అంటడు" అంది. అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. జనం కూడా అలాగే తయారయ్యారు. స్టేషన్ ఘన్‌పూర్ బస్టాండులో, మానుకోట మిర్చి మార్కెట్లో, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో, రేడియో పెట్టుకున్న ప్రతిచోటా నాకంటే ముందే వాళ్లు ‘ఊఁ, తర్వాత?’ అనేవాళ్లట. మా మొహాలు ఎవరికీ తెలియవు. గొంతు విప్పితే చాలు, చుట్టూ మూగేవాళ్లు.

అతనికి ఒక్కడే కొడుకు. రేడియో ముందు కూర్చుని ఊఁ కొడుతూ పెరిగినవాడే. చదువులో చురుకు. వరంగల్‌లో పెద్ద చదువుకు చేరాడు. ఒకసారి రైలు దిగి మా దుకాణానికి వచ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టకుండా నిలబడే, "పెద్దబాపూ, మీ పోగ్రాం బందు పెట్టుండ్రి" అన్నాడు. ఎందుకురా అన్నాను. "హాస్టల్ల నన్ను సూడంగనే ‘నీ బర్రె లేసిందా’ అంటున్నరు. మన మాటంటె అందరికి నవ్వులాటయింది. మా బాపు మాట్లాడితె ఆంధ్రోళ్లు నవ్వుతరు, మీరేమో సారు లెక్క తిడుతరు. గిదేం బతుకు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ ఏమని మండాలి? వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అరటిపండు చేతిలో పెట్టి పంపించాను. ఆ సంగతి వాళ్ల నాన్నకు చెబితే, చిన్నబుచ్చుకోలేదు సరికదా, "సూసినవా సేటూ, నా కొడుకు ఎంత మంచిగ మాట్లాడుతుండో!" అని పొంగిపోయాడు.

బందు పెట్టమని మేం అడగాల్సిన పని లేకుండానే పోయింది. ఉద్యమం ఊరూరా లేచింది. జనగామ చౌరస్తాలో దీక్షా శిబిరం పడింది. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటలు వండారు, రైలు పట్టాల మీద కూర్చున్నారు. మా దుకాణం తెరిచి ఉన్న రోజులకంటే మూసి ఉన్న రోజులే ఎక్కువ. మా వీధివాళ్లం కూడా శిబిరంలో కూర్చున్నాం, నేనూ కూర్చున్నాను. అక్కడ నా గొంతు గుర్తుపట్టిన ఒక కుర్రాడు, "మన యాసను నవ్వులపాలు జేసినోళ్లల్ల నువ్వొకనివి" అని మొహం మీదే అన్నాడు. ‘ఆ యాస ఎవడిదనుకున్నావురా, నాది కాదా?’ అని అరిచాను. రేడియో వాళ్లు కూడా భయపడి కార్యక్రమం ఆపేశారు. నాకు దుకాణం ఉంది, సరిపోయింది. అతను మాత్రం ప్రతి సాయంత్రం ఆ వేళకు ఫోను చేసి, "సేటూ, ఏం జేస్తున్నవ్?" అని అడిగేవాడు. అడిగి ఆగేవాడు.

ఢిల్లీలో తెలంగాణ ఇస్తామన్నారు. పదిహేను రోజులు తిరగకముందే ఆగమన్నారు. అప్పుడు పిల్లలు తమ ప్రాణాలు తామే తీసుకోవడం ఎక్కువైంది. పొద్దున పేపరు తెరవాలంటే భయమేసేది. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒక పిల్లవాడు, వాడి పాసుపోర్టు ఫొటో, పక్కన ఏడుస్తున్న తల్లి. నాయకులు వచ్చి దండలు వేసేవాళ్లు, అమరుడన్నారు, పిడికిళ్లు ఎత్తారు, వెళ్లిపోయారు. ఒకరోజు ఆ ఫొటోల్లో అతని కొడుకు మొహం కనిపించింది. దుకాణం తలుపులు ఎవరు వేశారో నాకు గుర్తు లేదు.

తండాకు పోయేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. జెండాలు, డప్పులు, పాటలు. పిల్లవాణ్ణి ట్రాక్టరు మీద పడుకోబెట్టి నెల్లికుదురు దాకా ఊరేగించారు. నాయకులు ఒకరి తరవాత ఒకరు మాట్లాడారు. ఎవరో, "అమరుని తండ్రిని రెండు మాటలు మాట్లాడనీయుండ్రి" అన్నారు. అతను లేచాడు. తువ్వాలతో మొహం తుడుచుకుని మైకు వైపు రెండడుగులు వేశాడు. అంతలో ఇంకొకాయన, మంచి మాటే చెబుతున్నాననుకుంటూ, "వద్దన్నా. గాయన గొంతిప్పితె జనం నవ్వుతరు. పిలగాని ఇజ్జత్ పోతది" అన్నాడు. మెల్లగానే అన్నాడు. కానీ మైకు దగ్గరే నిలబడి అన్నాడు. తండా మొత్తం విన్నది. అతను వెనక్కి వచ్చి ట్రాక్టరు చక్రం పక్కన కూర్చున్నాడు.

అప్పటినుంచి అతనికి ఒకటే పట్టుదల. ఆ పిల్లల ముందు నిలబడి ఒక్క మాట చెప్పాలి: చావకండి. అంతే. తెలంగాణ మీద ఉపన్యాసం కాదు, ఢిల్లీ వాళ్లను తిట్టడం కాదు. "నాయకులు సావొద్దని చెప్తలేరు సేటూ, సచ్చినంక పాటలు పాడుతున్నరు. పోగొట్టుకున్నోని నోటితోని ఇంటె ఒక్కడన్న ఆగుతడు. ఒక్కడాగితె సాలు నాకు" అనేవాడు. మానుకోట శిబిరానికి పోయాడు, మైకు ఇవ్వలేదు. జనగామ వచ్చాడు, నేను కూడా వెంట ఉండి అడిగాను. చూద్దామన్నారు, రేపు రమ్మన్నారు, పాటగాళ్లు ఉన్నారు టైము లేదన్నారు. ఎవరూ మొహాన కాదనలేదు, అమరుని తండ్రి కదా. ఎవరూ ఇవ్వనూ లేదు. ఈలోగా ఫొటోలు వస్తూనే ఉన్నాయి. ప్రతి ఫొటోకూ అతను, "నేను జెప్పి ఉంటె…" అని ఆగేవాడు.

చివరికి భూపాలపల్లిలో ఒకాయన దొరికాడు. బొగ్గుబాయిలో పని, మా ఆట అంటే ప్రాణం. పెద్ద సభ పెడుతున్నాం రమ్మన్నాడు. ఫోనులో నేను ఒకటికి రెండుసార్లు చెప్పాను, రేడియో మాట ఎత్తొద్దు, అమరుని తండ్రి మాట్లాడతాడని మాత్రమే చెప్పమని. "గట్లనే అన్నా, నాకెరుక లేదా" అన్నాడు.

హనుమకొండ బస్టాండులో కలుసుకున్నాం. అతను ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. పరకాల దాటేదాకా పెదవులు కదుపుతూనే ఉన్నాడు, వల్లె వేస్తున్నట్టు. బస్సు దిగుతుండగా నాతో, "సేటూ, నువ్వు మీదికి రావొద్దు. నువ్వు పక్కన నిలవడితె గది ఆట అనుకుంటరు. దూరం నిలవడు" అన్నాడు. నాకు సబబనిపించింది. స్టేజీ కింద డప్పులవాళ్ల పక్కన నిలబడ్డాను.

జనం బాగానే వచ్చారు. పొద్దుటి షిఫ్టుకు పోవాల్సినవాళ్లు పని మాని వచ్చారు, కాలేజీ పిల్లలు జెండాలు పట్టుకుని ముందు వరుసల్లో కూర్చున్నారు. అతను చెప్పాలనుకున్నది సరిగ్గా ఆ పిల్లలకే. మా బొగ్గుబాయి ఆయన మైకు పట్టుకున్నాడు. ఒక్కసారి మమ్మల్ని చూశాడు, మొహం విప్పారింది, చెప్పినదంతా మరిచిపోయాడు. "అన్నలారా, అక్కలారా! చిన్నప్పటి సంది మీరు ఎవల గొంతిని కడుపులు పట్టుకోని నవ్విండ్రో, గాయన ఇయ్యాల మన ముంగటికి వచ్చిండు!" అని కేక పెట్టాడు. ఈలలు పడ్డాయి.

అతను మైకు ముందుకు వచ్చాడు. చేతులు రెండూ జోడించాడు.

"బిడ్డలారా, నా కొడుకు సచ్చిపోయిండు" అన్నాడు.

అని ఆగాడు.

కావాలని ఆగలేదు. ఆ మనిషికి అలా తప్ప మాట్లాడటం రాదు. ఆ ఖాళీలో ఒక మూలనుంచి ఎవరో గొంతు బిగించి, అచ్చం నాలాగే, "ఊఁ, తర్వాత?" అన్నారు. సభ మొత్తం గొల్లుమంది.

అతను తడబడలేదు. చెయ్యి ఎత్తి, "నిజంగనే సచ్చిపోయిండు" అన్నాడు. మళ్లీ ఆగాడు. ఈసారి ఒక్కడు కాదు, ముందు వరుసల పిల్లలు, వెనక నిలబడ్డ ఆడవాళ్లు, చెట్లెక్కిన వాళ్లు, అందరూ ఒక్క గొంతుతో, "ఊఁ, తర్వాత?" అన్నారు. వాళ్లను ఏమనాలి? ఇంతకాలం వాళ్లకు అలవాటు చేసింది మా ఆటే. ఆ పిల్లవాడు ఇప్పుడు లేచి కూర్చుంటాడని వాళ్లు ఎదురుచూస్తున్నారు. కళ్లు మెరిపించుకుంటూ ఎదురుచూస్తున్నారు.

"తెలంగాణ ఇయ్యాల కాకుంటె రేపొస్తది. మీరు సావొద్దు బిడ్డా. మీ కాళ్లు మొక్కుత" అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు కూడా రేడియోలో అందరూ విన్న వణుకే. నవ్వీ నవ్వీ ఒకరి మీద ఒకరు పడ్డారు.

ఇక నేను ఆగలేకపోయాను. మెట్లెక్కి పోయి మైకు లాక్కున్నాను. "నోర్మూసుకోండి! మనుషులేనా మీరు? కన్నకొడుకు చనిపోయాడని చెబుతుంటే నవ్వుతారా? సిగ్గు లేదా మీకు?" అని అరిచాను. అరిచిన తరవాత నా మాట నాకే వినపడింది. మైకు ముందుకు రాగానే నా నోట పుస్తకాల తెలుగే వచ్చింది, సారు తెలుగు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సారు కూడా వచ్చాడు, ఆట ఇప్పుడు పూర్తయింది వాళ్లకు. "అరే, నిజమే జెప్తున్న బై! ఇనుండ్రి! దండం పెడుత!" అని మా ఇంటి భాషలో మొత్తుకున్నాను. సారు అలా మాట్లాడటం వాళ్లు ఎప్పుడూ వినలేదు. అదో కొత్త హాస్యమనుకుని ఇంకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఏమవుతుందో కూడా తెలుసు కాబట్టి ఏడవలేదు.

అతను నా చేతిలోంచి మైకు తీసుకుని స్టాండుకు జాగ్రత్తగా తగిలించాడు. జనానికి దండం పెట్టాడు. ఇద్దరం దిగి వచ్చాం. వెనక పాట మొదలైంది, అమరుల మీద పాట. అప్పుడు అందరూ కళ్లు తుడుచుకున్నారు. మా బొగ్గుబాయి ఆయన పరుగెత్తుకొచ్చి, "ఖుషిల మర్సిపోయిన అన్నా, అమరుని తండ్రని జెప్పుడు మర్సిపోయిన, ఇప్పుడు జెప్పన్నా?" అని చేతులు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు పాపం. "ఇగ వద్దు తమ్మీ" అన్నాడు అతను.

తిరుగు బస్సులో వెనక సీటు ఇచ్చారు. సభనుంచే వస్తున్న కాలేజీ కుర్రాడొకడు ముందు సీటులోంచి వంగి, "కాకా, మస్తు నవ్విచ్చిండ్రు, ఎన్ని దినాలాయెనో గిట్ల నవ్వి" అన్నాడు. అతను వాడి తల మీద చెయ్యి వేసి, "సల్లగుండు బిడ్డా" అన్నాడు. నాకు ఆ కుర్రాణ్ణి బస్సులోంచి దింపేయాలనిపించింది. పరకాల వచ్చేదాకా కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. ఇంకా ఎన్ని ఫొటోలు చూడాలో అనుకుంటూ కూర్చున్నాను.

పరకాలలో బస్సు ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. బస్సు సగం ఖాళీ అయింది. అప్పుడు అతను నోరు విప్పాడు.

"సేటూ, గా పిలగాండ్ల మీద కోపం జెయ్యకు" అన్నాడు.

"జెయ్యక? నెత్తిన పెట్టుకోమంటవా?" అన్నాను.

"ఆళ్ల తప్పు లేదు. మావోడు ఆఖరిసారి ఇంటికొచ్చినప్పుడు వాని మొకం సూసి నాకు బుగులు పుట్టింది. పొయ్యికాడ కూసున్నడు. గిదే మాట జెప్పిన వానికి. సావొద్దు బిడ్డా అన్న. గీ తెలుగుల గాదు సేటూ, మా తండా మాటల జెప్పిన, మా అవ్వ నాకు నేర్పిన మాటల. వాని కాళ్లు పట్టుకోని, ఏడ్సుకుంట జెప్పిన."

అక్కడ ఆగాడు. ఆ ‘ఊఁ’ నా గొంతుదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాను. చాలాసేపు చూశాడు నా వైపు. నేను ఏమీ అనకపోయేసరికి, ఇన్నేళ్లలో మొదటిసారి, తనంతట తానే మిగతాది చెప్పాడు.

"వాడు గూడ నవ్విండు సేటూ. ‘బాపూ, రేడియోల గూడ నువ్వు గిట్లనే ఏడుస్తవు’ అని నవ్వుకుంట లేసిపోయిండు."